చేయి వేసే ముందు చూడండి: నెలలు నిండని బిడ్డ ఎదుగుదలకు ఎన్‌ఐసీయూ నర్సు చేయాల్సిన పని

బెంగళూరు ఆసుపత్రుల్లో కొత్తగా ఎన్‌ఐసీయూ (పుట్టిన పిల్లల ఇంటెన్సివ్ కేర్ వార్డు) డ్యూటీలో చేరేవాళ్ళలో మన తెలుగు నర్సులు చాలామందే కనిపిస్తారు. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి నర్సింగ్ పూర్తిచేసి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్ళు. నేనూ అలా వచ్చినదాన్నే. మొదటి నెలంతా మనకు నేర్పేది మిషన్ల గురించి. వెంటిలేటర్ సెట్టింగులు, ఇన్ఫ్యూజన్ పంపు లెక్కలు, వెంట్రుకంత నరానికి కాన్యులా పెట్టడం. అవన్నీ కావాలి. వాటివల్లే బిడ్డ ప్రాణం నిలుస్తుంది. కానీ ఆ బిడ్డ రేపు సరిగ్గా చూస్తుందా, వింటుందా, బడిలో నలుగురితో కూర్చుని చదువుకుంటుందా అనే దానిలో మన చేతుల పాత్ర కూడా ఉంది. దాన్నే డెవలప్‌మెంటల్ కేర్ అంటారు. దానికి కొత్త మిషను ఏదీ కొనక్కర్లేదు. రోజూ చేసే పనినే వేరే తీరుగా చేయాలి.

ఈ కేర్ ముఖ్యంగా ఎవరికంటే, గర్భం 32 వారాలు నిండకముందే పుట్టినవాళ్ళకు, 1500 గ్రాముల లోపు బరువున్నవాళ్ళకు. పుట్టగానే ఏడవక మెదడుకు ఆక్సిజన్ అందనివాళ్ళు, ఫిట్స్ వచ్చినవాళ్ళు, గుండెకో పేగుకో ఆపరేషన్ అయినవాళ్ళు, చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళు కూడా ఇందులోకే వస్తారు. గర్భం లెక్కలో 28 వారాల బిడ్డ మెదడు పైభాగం చాలావరకు నున్నగానే ఉంటుంది. 40 వారాలు వచ్చేసరికి అది నిండా మడతలు పడుతుంది. ఆ మూడు నెలలూ తల్లి కడుపులో చీకట్లో, వెచ్చగా, ముడుచుకుని, అమ్మ గుండెచప్పుడు వింటూ గడవాల్సినవి. మన బిడ్డకు అవే మూడు నెలలు ట్యూబ్‌లైట్ల కింద, అలారాల మధ్య, సూదుల మధ్య గడుస్తున్నాయి. ఆ తేడాను వీలైనంత తగ్గించడమే మన పని.

చేయి వేయకముందు రెండు నిమిషాలు చూడండి

అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే. నన్నడిగితే సగం పని ఇక్కడే ఉంది. బిడ్డను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టె దగ్గరికి వెళ్ళగానే చేతులు లోపల పెట్టకండి. నిలబడి చూడండి. మానిటర్ మీది అంకెలు తర్వాత, ముందు బిడ్డ ముఖం, చేతులు, రంగు, ఊపిరి.

1980లలో అమెరికాలో హైడెలీస్ ఆల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి పిల్లలను గంటల తరబడి గమనించి, నెలలు నిండని బిడ్డ కూడా తన ఒంటితో మాట్లాడుతుందని చూపించారు. ఈ రోజు ప్రపంచమంతా పాటించే డెవలప్‌మెంటల్ కేర్‌కు ఆవిడ పనే పునాది. ఆ భాష ఇలా ఉంటుంది.

బిడ్డకు కష్టంగా ఉంటే వేళ్ళు విసనకర్రలా విప్పుతుంది. అరచేయి ముందుకు చాపుతుంది, ఆగమని చెప్పినట్టే. వీపు విల్లులా వంచుతుంది, కాళ్ళు గట్టిగా చాపుతుంది. ఎక్కిళ్ళు, ఆవలింతలు, తుమ్ములు వస్తాయి. వీటిని మనం ఇంట్లో ముద్దుగా చూసుకుంటాం కానీ 29 వారాల బిడ్డ విషయంలో అవి తట్టుకోలేకపోతున్నాననే గుర్తులు. చర్మం మచ్చలు మచ్చలుగా మారుతుంది, మూతి చుట్టూ నీలం తిరుగుతుంది. ఇంకా ఆలస్యమైతే ఊపిరి ఆగుతుంది, గుండె వేగం 100 కిందికి పడుతుంది. అప్పుడు అలారం మోగుతుంది. అలారం మోగేదాకా ఆగామంటే బిడ్డ అప్పటికే చాలాసేపటి నుంచి చెబుతోందన్న మాట.

బాగుంటే చేతులు ముఖం దగ్గరికి తెచ్చుకుంటుంది. వేలు ఇస్తే పట్టుకుంటుంది. నుదురు ముడతలు లేకుండా ఉంటుంది, ఊపిరి ఒకే తీరుగా సాగుతుంది. ఈ గుర్తులు కనిపించినప్పుడే పని మొదలుపెట్టండి. మధ్యలో కష్టం గుర్తులు వస్తే ఆపండి. ఆపడమంటే చేతులు చటుక్కున తీసేయడం కాదు. చేతులు అలాగే ఉంచి కదిలించకుండా, బిడ్డ తేరుకునేదాకా ఆగండి.

నిమరకండి, పట్టి ఉంచండి

నేను చేరిన కొత్తలో, ఒక నైట్ డ్యూటీలో జరిగింది చెబుతాను. 28 వారాల పాప. ఏడుస్తున్నట్టు ముఖం పెడితే పాపం అనిపించి, వేలి కొసలతో వీపు మీద మెల్లగా నిమిరాను, మన ఇళ్ళల్లో పసిపిల్లలను నిమిరినట్టే. చూస్తుండగానే శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 92 నుంచి 70లలోకి జారింది, గుండె వేగం పడిపోయింది. సీనియర్ అక్క పరుగున వచ్చి ఒక అరచేయి పాప తల మీద, ఇంకో అరచేయి ముడిచిన కాళ్ళ మీద పెట్టి కదలకుండా ఉంచింది. కాసేపటికే పాప తేరుకుంది. అక్క నన్ను ఏమీ అనలేదు. నా చేతులు తీసుకుని తన చేతుల స్థానంలో పెట్టించింది. ఆ రాత్రి నేర్చుకున్నది ఇప్పటికీ మర్చిపోలేదు.

అంత పలచని చర్మానికి నిమరడం, తట్టడం భరించలేని ఒత్తిడి. వెచ్చని అరచేయి నిలకడగా ఆనితే మాత్రం, కడుపులో గర్భసంచి గోడ ఆనుకున్నట్టు ఉంటుంది. కాబట్టి ముందు చేతులు కడిగి వెచ్చబెట్టుకోండి. ఇంక్యుబేటర్ పక్కన చేతులు పెట్టే పోర్ట్ తలుపు తీసి మెల్లగా బిడ్డ పేరు పెట్టి పిలవండి, పేరు లేకపోతే 'బంగారు' అనండి. తర్వాత అరచేయి ఆనించండి, కాసేపు ఆగండి, అప్పుడు పని మొదలుపెట్టండి. పని అయ్యాక కూడా ఒక నిమిషం అలాగే పట్టుకుని, బిడ్డ కుదుటపడ్డాక ఒక్కో చేయీ తీయండి.

సక్షన్ (గొట్టంతో కఫం తీయడం), ట్యూబ్ మార్చడం, ఎక్స్‌రే లాంటివి ఇద్దరు కలిసి చేయండి. ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు బిడ్డను ముడిచి పట్టుకోవాలి. స్టాఫ్ తక్కువగా ఉన్న రోజు ఇది కష్టమే, నాకు తెలుసు. అప్పుడు తల్లిని పిలవండి. ఆవిడ చేతులకంటే మంచి చేతులు ఎవరివి?

మొదటి 72 గంటలు

32 వారాల లోపు పిల్లల్లో మెదడులో రక్తస్రావం జరిగితే చాలావరకు మొదటి మూడు రోజుల్లోనే జరుగుతుంది. అందుకే ఆ మూడు రోజులు మిగతా రోజులకంటే ఎక్కువ జాగ్రత్త. తల అటూ ఇటూ తిప్పకుండా నడిమధ్యలో ఉంచండి, ముక్కు, బొడ్డు ఒకే గీత మీద ఉండాలి. బెడ్ తలవైపు కొద్దిగా ఎత్తి ఉంచండి. డైపర్ మార్చేటప్పుడు రెండు కాళ్ళూ పట్టి పైకి ఎత్తవద్దు, రక్తం ఒక్కసారిగా తలవైపు వెళుతుంది. నడుమును కొద్దిగా పక్కకు వాల్చి కింద నుంచి డైపర్ లాగండి. లైన్‌లో ఫ్లష్ ఇచ్చినా, బ్లడ్ శాంపిల్ తీసినా నిదానంగా చేయండి. బరువు చూడటం, బెడ్‌షీట్ మార్చడం లాంటివి అవసరాన్ని బట్టి డాక్టర్‌ను అడిగి వాయిదా వేయండి.

నిద్ర పాడు చేయకండి

మెదడు ఎదిగేది నిద్రలోనే ఎక్కువ. కానీ మన వార్డులో ఏం జరుగుతుంది? ఎనిమిదింటికి డ్యూటీ నర్సు టెంపరేచర్ చూస్తుంది. ఎనిమిదింపావుకు ల్యాబ్ అబ్బాయి వస్తాడు. ఎనిమిదిన్నరకు ఎక్స్‌రే. తొమ్మిదింటికి రౌండ్స్, డాక్టర్ స్టెత్ పెడతారు. బిడ్డకు వరసగా పది నిమిషాల నిద్ర కూడా దొరకదు.

దీన్ని మార్చగలిగేది నర్సే, ఎందుకంటే బెడ్ దగ్గర రోజంతా ఉండేది మనమే. టెంపరేచర్, డైపర్, పొజిషన్ మార్చడం, ఫీడ్ ఒకేసారి కలిపి చేయండి. డాక్టర్లకు చెప్పండి, "సర్, పదకొండింటికి ఫీడ్ టైమ్‌లో తీస్తాను, అప్పుడు చూడండి" అని. మొదట్లో భయం వేస్తుంది. మర్యాదగా, కారణంతో చెబితే వింటారు. అయితే అన్నీ కలపాలని ఒకే దెబ్బకు అరగంట పని పెట్టుకోకండి. చిన్న బిడ్డ అంతసేపు తట్టుకోలేదు. సూది గుచ్చే పనిని, ఫీడ్‌ను వెంటవెంటనే పెట్టకండి. కష్టం గుర్తులు వస్తే మిగిలిన పని తర్వాతి సారికి ఉంచండి. గడియారం కంటే బిడ్డ ముఖమే మీకు టైమ్‌టేబుల్.

శబ్దం, వెలుగు

ఎన్‌ఐసీయూలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. మనం మామూలుగా మాట్లాడుకునే మాటే 60 దాకా ఉంటుంది. బిడ్డ 25 నుంచి 28 వారాల మధ్య శబ్దానికి స్పందించడం మొదలుపెడుతుంది. అంటే మీ ముందున్న బిడ్డ అన్నీ వింటోంది.

ఇంక్యుబేటర్ పైకప్పు మీద ఫైలు, పెన్ను, సిరంజి ట్రే పెట్టవద్దు. బయట మనకు టక్‌మని చిన్నగా వినిపించేది లోపల బిడ్డకు పెద్ద చప్పుడు. పోర్ట్ తలుపును వేళ్ళతో నొక్కి మెల్లగా వేయండి. ఊపిరికి సాయంగా ముక్కులోకి గాలి పంపే సీపాప్ గొట్టంలో నీళ్ళు చేరితే గలగలమంటాయి, తీసేయండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. డ్యూటీ అప్పగించే హ్యాండోవర్ బిడ్డ తల దగ్గర నిలబడి గట్టిగా ఇవ్వకండి. అలారం మోగితే వెంటనే వెళ్ళండి, కానీ అలారం ఆపడం కోసం వెళ్ళొద్దు, బిడ్డను చూడటానికి వెళ్ళండి.

వెలుగు విషయంలో, ఇంక్యుబేటర్ మీద మందపాటి గుడ్డ కవర్ వేయండి. బిడ్డ కనిపించేలా ఒక పక్క మాత్రం తీసి ఉంచండి, పూర్తిగా కప్పేస్తే రంగు మారినా తెలియదు. ప్రొసీజర్ లైట్ వేసేటప్పుడు కళ్ళకు నీడ పెట్టండి. ఆ వయసులో కనురెప్పలు పలచన, కంటిపాప కూడా వెలుగుకు సరిగ్గా ముడుచుకోదు. 32 వారాలు దాటాక పగలు కొద్దిగా వెలుగు, రాత్రి చీకటి అలవాటు చేయండి.

గూడు కట్టడం

దీన్ని నెస్టింగ్ అంటారు. మన తెలుగు మాట గూడు దీనికి సరిగ్గా సరిపోయింది. రెండు మెత్తటి బట్టలను చుట్టలుగా చుట్టి, బిడ్డ చుట్టూ గుడ్డు ఆకారంలో పెట్టండి. కాళ్ళు చాపితే చుట్టకు తగలాలి, తన్ని వెనక్కి ముడుచుకోగలగాలి. భుజాలు ముందుకు, చేతులు నోటి దగ్గరికి, మోకాళ్ళు ముడిచి, తల నడిమధ్యకు. బిడ్డ పారేసిన గుడ్డబొమ్మలా కాళ్ళూ చేతులూ పరుచుకుని పడుకుంటే, నెలలు గడిచేసరికి తుంటి కీళ్ళు, భుజాలు అలాగే బిగుసుకుపోతాయి. తర్వాత కూర్చోవడానికి, పాకడానికి కష్టపడుతుంది.

గూడు మరీ బిగుతుగా వద్దు, బిడ్డ కదలగలగాలి. ఫీడ్ టైమ్‌లో పక్క మార్చండి. బోర్లా పడుకోబెడితే ఊపిరి మెరుగ్గా తీసుకుంటారు, కానీ అది మానిటర్ ఉన్నప్పుడే. ఇంటికి వెళ్ళే రోజులు దగ్గరపడ్డాక వెల్లకిలానే పడుకోబెట్టి అలవాటు చేయండి, తల్లికి కూడా అదే నేర్పండి. గూడు చుట్టలు ఇంట్లో వాడొద్దని గట్టిగా చెప్పండి.

నొప్పికి మందు మన దగ్గరే ఉంది

చిన్నపిల్లలకు నొప్పి తెలియదని అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది అబద్ధం. నెలలు నిండని బిడ్డకు నొప్పిని అణచుకునే శక్తి ఇంకా రాలేదు కాబట్టి, వాళ్ళకు ఎక్కువే తెలుస్తుంది. మళ్ళీ మళ్ళీ కలిగే నొప్పి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

మడమ గుచ్చే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ టెస్టు ఇప్పుడే కావాలా? రెండు టెస్టులు ఒకే శాంపిల్‌లో అవుతాయా? తప్పనిసరైతే తల్లిపాల చుక్కలో, మీ యూనిట్ ప్రోటోకాల్ ప్రకారం 24 శాతం సుక్రోజ్ చుక్కలో నాలుక మీద వేసి రెండు నిమిషాలు ఆగండి. ఆ రెండు నిమిషాలు ఆగడమే అందరూ మర్చిపోయేది. బిడ్డను ముడిచి పట్టించండి, వీలైతే తల్లి గుండె మీద ఉండగానే గుచ్చండి. ప్లాస్టర్ తీసేటప్పుడు చటుక్కున పీకొద్దు, చర్మం కూడా వచ్చేస్తుంది. నీళ్ళతో తడిపి చర్మాన్ని పట్టి ఉంచి మెల్లగా ఒలవండి. నొప్పి స్కోరును బీపీ, పల్స్ రాసినట్టే చార్టులో రాయండి. రాయని నొప్పికి ఎవరూ మందు ఇవ్వరు.

అమ్మ గుండె మీదికి

కంగారూ కేర్ 1978 ప్రాంతంలో కొలంబియా దేశంలోని బొగొటాలో మొదలైంది. అక్కడ ఇంక్యుబేటర్లు చాలక, ఒకే దానిలో ఇద్దరు ముగ్గురు పిల్లలను పెట్టి ఇన్ఫెక్షన్లు వస్తుంటే, ఎడ్గర్ రే అనే డాక్టర్ పిల్లలను తల్లుల గుండెలకు కట్టించారు. అది ఇంక్యుబేటర్లు లేక చేసిన పని అనుకునేవాళ్ళు. 2021లో మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో జరిగిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలను స్థిరపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే కంగారూ కేర్‌లో పెడితే, మొదటి 28 రోజుల్లో మరణాలు 25 శాతం తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు చేయించమంది. ఇంత బలమైన మందు మన ఫార్మసీలో ఇంకొకటి ఉందా?

చేయించే పద్ధతి ఇది. తల్లి ముందు తెరిచే నైటీ వేసుకుని, సగం వాలి కూర్చోవాలి. బిడ్డకు డైపర్, టోపీ, సాక్సులు మాత్రమే. రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం ఆనేలా పెట్టండి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం ఛాతీ మీదికి వంగిపోకుండా కొద్దిగా పైకి. కాళ్ళు కప్పలా ముడిచి. పైన గుడ్డ కట్టి, ముక్కు, ముఖం కనిపిస్తున్నాయా అని చూడండి. సీపాప్ మీద ఉన్న బిడ్డనూ ఇలా పెట్టవచ్చు, అయితే ఇద్దరు పట్టుకుని మార్చాలి, గొట్టం తల్లి భుజానికి అతికించాలి. ఒకసారి పెడితే కనీసం గంట కదిలించొద్దు. బయటికీ లోపలికీ మార్చడమే బిడ్డకు అన్నిటికంటే అలసట.

బెంగళూరులో ఒకే వార్డులో కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూ మాట్లాడే తల్లులు ఉంటారు. హిందూపురం, మదనపల్లె, బాగేపల్లి వైపు నుంచి వచ్చిన తల్లులకు మన తెలుగు వినబడగానే ముఖం విప్పారుతుంది. కానీ మన భాష కాని తల్లి పక్కనే కూర్చుని ఉంటుందని మర్చిపోకండి. "నిధానవాగి ముట్టి" (మెల్లగా ముట్టుకోండి) అని రెండు కన్నడ మాటలు నేర్చుకుంటే, ఆవిడ చేయి బిడ్డ దాకా వస్తుంది.

హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒకమ్మ పదకొండు రోజులు బిడ్డను ముట్టుకోలేదు. "సిస్టర్, నేను ముట్టుకుంటే ఏమన్నా అవుతుందేమో" అనేది. ఇంట్లో పెద్దావిడ, ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదని అన్నారట. ఈ మాట మన ఊళ్ళల్లో చాలాచోట్ల ఉంది. నిజానికి కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు బలమే, ఎనిమిదో నెల బిడ్డ ఏడో నెల బిడ్డకంటే గట్టిగా ఉంటుంది. ఆ పెద్దావిడనే లోపలికి పిలిచి, చేతులు కడిగించి, బిడ్డ ఆవిడ వేలు పట్టుకోవడం చూపించాను. మరునాడు కోడలి నైటీ గుండీలు విప్పి బిడ్డను పెట్టించింది ఆవిడే. తల్లికి సిజేరియన్ నొప్పి ఉంటే తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా కంగారూ కేర్ ఇవ్వవచ్చు. తండ్రులు మొదట సిగ్గుపడతారు. ఒక పరదా కట్టండి, అంతే.

పాలు తాగించడం

చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కలిసి రావడానికి సుమారు 32 నుంచి 34 వారాలు పడుతుంది. అంతకుముందు ట్యూబ్‌తో పోసేటప్పుడు కూడా బిడ్డను పాలు పిండేసిన రొమ్ము దగ్గర పెట్టండి, చీకడం అలవాటవుతుంది. తల్లిపాల వాసన ఉన్న గుడ్డ ముక్క బిడ్డ ముఖం పక్కన ఉంచండి. ఆ తర్వాత పాలాడైతో, మన ఇళ్ళల్లో ఉండే ఉగ్గుగిన్నె లాంటిదే, చెంప పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టండి. గొంతులో పోయకండి. బిడ్డ మింగి ఊపిరి తీసుకునేదాకా ఆగండి. నోరు తిప్పుకుని, వేళ్ళు విప్పి, నుదురు ముడిస్తే చాలు అన్నట్టే. మిగిలింది ట్యూబ్‌లో పోయండి. చార్టులో మి.లీ. నిండాలని నోట్లో బలవంతం చేస్తే, ఆ బిడ్డ నెలల తరబడి తిండంటే భయపడుతుంది.

డ్యూటీ మారేటప్పుడు

హ్యాండోవర్‌లో మందులు, ఫ్లూయిడ్స్‌తో పాటు బిడ్డ స్వభావం కూడా చెప్పండి. నేను బెడ్ దగ్గర చిన్న కార్డు పెడతాను. "ఎడమ పక్క పడుకుంటే శాచురేషన్ బాగుంటుంది. సక్షన్ తర్వాత తేరుకోవడానికి ఐదు నిమిషాలు కావాలి. అమ్మ మధ్యాహ్నం 2 నుంచి 6 దాకా కంగారూకు వస్తుంది." ఇంతే. రాత్రి వచ్చే నర్సు ఈ మూడు లైన్లు చదివితే బిడ్డ మళ్ళీ మొదటి నుంచి అన్నీ చెప్పుకోవాల్సిన పని ఉండదు.

ఇంటికి పంపేటప్పుడు

ఇక్కడే చాలామంది బిడ్డలు మన చేతిలోంచి జారిపోతారు. బరువు పెరిగింది, పాలు తాగుతోంది, బిల్లు కట్టేశారు, ఇక అయిపోయిందని ఇంటివాళ్ళు అనుకుంటారు. ముందు కన్ను. 34 వారాల లోపు పుట్టిన లేదా 2000 గ్రాముల లోపు ఉన్న ప్రతి బిడ్డకూ పుట్టిన 4 వారాల లోపు రెటీనా పరీక్ష జరగాలి. 28 వారాల లోపు లేదా 1200 గ్రాముల లోపు అయితే 2 నుంచి 3 వారాలకే. నెలలు నిండని పిల్లల కంటి వెనక పొర రెటీనాకు వచ్చే ఆర్‌ఓపీ అనే ఈ జబ్బు బయటికి కనిపించదు. కళ్ళు చక్కగా మెరుస్తూనే ఉంటాయి. ముదిరితే చూపు పోతుంది, సమయానికి పట్టుకుంటే లేజర్‌తో కాపాడవచ్చు. బెంగళూరులోని నారాయణ నేత్రాలయ 2008 నుంచి కిడ్‌రోప్ అనే కార్యక్రమం ద్వారా కర్ణాటక జిల్లాల్లోని ఎన్‌ఐసీయూలకు కెమెరా తీసుకెళ్ళి ఈ పరీక్ష చేస్తోంది. కాబట్టి ఊళ్ళో కుదరదనే మాట ఒప్పుకోకండి, దగ్గరలో ఎక్కడ చేస్తారో మీరే కనుక్కుని చెప్పండి.

వినికిడి పరీక్ష, ఎన్‌ఐసీయూలో ఉన్నవాళ్ళకు శబ్దానికి మెదడు స్పందనను కొలిచే బెరా పరీక్షతో, నెల లోపు అయితే మంచిది. తలుపు శబ్దానికి ఉలిక్కిపడుతోంది కాబట్టి చెవులు బాగున్నాయనుకోకూడదు.

తల్లికి సరిచేసిన వయసు లెక్క నేర్పండి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండితే, ఎదుగుదలలో నాలుగు నెలల బిడ్డగా చూడాలి. రెండేళ్ళ దాకా ఈ లెక్కే. పక్కింటి బిడ్డతో పోల్చి కుమిలిపోయే తల్లికి ఈ ఒక్క లెక్క ఎంత ఊరటో. టీకాలు మాత్రం పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి. ఈ సరిచేసిన వయసుతో మూడు నెలలకు ముఖం వైపు చూపు నిలపకపోయినా, పిడికిళ్ళు ఎప్పుడూ బిగించి ఉంచినా, కాళ్ళు కత్తెరలా బిగుసుకున్నా ఆగకుండా తీసుకురమ్మనండి. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల కేంద్రాలు ఉన్నాయి, అక్కడ ఫిజియోథెరపీ ఉచితం. నెల నెలా బెంగళూరు రాలేని వాళ్ళకు వాళ్ళ జిల్లాలోని ఆ కేంద్రం పేరు రాసివ్వండి.

సాంబ్రాణి పొగ వేయొద్దనండి, ఈ ఊపిరితిత్తులు దాన్ని తట్టుకోలేవు. ముక్కులో, చెవిలో నూనె పోయడం, కాళ్ళ మీద పడుకోబెట్టి వేడినీళ్ళు గుమ్మరించడం కూడా వద్దు. స్నానం ఎప్పుడో డాక్టర్ చెబుతారని, అప్పటిదాకా తుడవడమేనని అవ్వకు నేరుగా చెప్పండి, కోడలితో చెప్పించకండి. లాలిపాట మాత్రం ఎంతైనా పాడమనండి.

చివరిగా కంటి పరీక్ష తేదీని డిశ్చార్జ్ కాగితంలో ఇంగ్లిష్‌లో వదిలేయకండి. తెలుగులోనో కన్నడలోనో పెద్ద అక్షరాలతో రాసి, బిడ్డను బస్సులో తీసుకొచ్చే మనిషి ఎవరో అడిగి, ఆ మనిషి చేత పైకి చదివించండి.